అమ్మ ‘నన్ను మిషన్ల మీద పెట్టొద్దు’ అంటోంది: ఆ మాట నిలబడాలంటే ఏం చేయాలి?

తమ్ముడూ, మీరు రాసింది ఒకసారి క్లుప్తంగా చెప్పుకుందాం. అమ్మకు డెబ్బై దాటాయి. ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి పొగ పీల్చి ఊపిరితిత్తులు పాడయ్యాయి. డాక్టర్లు సీఓపీడీ (ఊపిరి దారులు సన్నబడి ఆయాసం పెట్టే దీర్ఘకాలిక జబ్బు) అన్నారు, ఇంట్లో ఆక్సిజన్ మిషన్ పెట్టుకున్నారు. నాన్న హైదరాబాద్‌లో చాలా రోజులు వెంటిలేటర్ మీద ఉండి చనిపోయారు. ఆ ఖర్చుకు దేవరకొండ దగ్గరి పొలం అమ్మారు. ఇప్పుడు అమ్మ ‘నాకు అట్ల చేయకుండ్రి’ అని పదే పదే అంటోంది. అన్న దుబాయ్‌లో, అక్క జడ్చర్లలో, మీరు నల్లగొండలో ఉంటున్నారు. ఆమె మాటకు చట్టంలో విలువ ఉందా, కాగితం రాయిస్తే దవాఖానలో వింటారా, ఈ సంగతి ఎత్తితే అన్న ఏమనుకుంటాడు అని అడిగారు.

విలువ ఉంది. కాగితం ఎలా రాయించాలో కింద వివరంగా చెబుతాను. నేను చాలా ఏళ్లు ఐసియులో నర్సుగా చేశాను, ఆ తర్వాత ఇళ్లకు వెళ్లి మంచాన పడ్డవాళ్లను చూసే పాలియేటివ్ కేర్ బృందంలో పనిచేశాను. ఆ అనుభవంతో ఒక్క మాట ముందే చెబుతున్నాను. అమ్మ కోరికను పిల్లలు ముగ్గురూ ఆమె నోటి నుంచే, ఒకే చోట కూర్చుని వినాలి. ఆమె మాట్లాడలేని రోజు వస్తే ఆమె తరఫున చెప్పే మనిషి ఎవరో అప్పుడే తేలిపోవాలి. కాగితం ఆ మాటలకు సాక్ష్యం. మాటలు జరగకుండా నోటరీ దగ్గరికి పరుగెత్తిన కుటుంబాల్లో, అవసరమైన రాత్రి ఆ కాగితం బీరువాలోంచి బయటికి రాలేదు.

ఆ రాత్రి ఎలా ఉంటుందో నాన్న విషయంలో మీరు చూసే ఉంటారు. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టర్ ‘ఊపిరి అందట్లేదు, ట్యూబ్ వేయాలి, సంతకం పెట్టండి’ అంటాడు. ఆలోచించుకోవడానికి ఐదు నిమిషాలు కూడా ఉండవు. వేయండి అన్నవాడిని ఎవరూ తప్పు పట్టరు. వద్దు అన్నవాడు మాత్రం పదకొండో దినం నాడు చుట్టాల ముందు మాట పడాల్సి వస్తుంది. అందుకే అందరూ వేయండి అనే అంటారు. దూరాన ఉన్న కొడుకు ఫోన్‌లో ‘నేను వచ్చేదాకా ఏదీ ఆపొద్దు’ అంటాడు. అందులో చెడ్డతనం ఏమీ లేదు. అమ్మ రోజూ బాత్రూం దాకా నడవడానికి ఎంత ఆయాసపడుతోందో అతను కళ్లతో చూడలేదు. అతని మనసులో ఉన్న అమ్మ కిందటిసారి సెలవుల్లో చూసిన అమ్మే. ఆమె ఇప్పటి పరిస్థితి, ఆమె మాట అతనికి ముందే చేరి ఉంటే ఆ రాత్రి అతను మీకు అండగా నిలబడతాడు.

మాట ఎలా ఎత్తాలన్నది మీ ఇంట్లో అంత కష్టం కాదు, ఎందుకంటే ఆమే ఎత్తింది. చాలా ఇళ్లలో పిల్లలే ‘ఛ, అట్లాంటి మాటలు మాట్లాడకు, తథాస్తు దేవతలు వింటారు’ అని నోరు మూయిస్తారు. మీరు ఆ పని చేయకండి. అలాగని ‘చనిపోయేటప్పుడు నీకు ఏం కావాలి’ అని కూడా అడగకండి. నాన్న సంగతి తీయండి. ‘నాయినకు జరిగినదాంట్లో నీకు అన్నిటికంటే బాధ అనిపించింది ఏంది?’ అని అడిగి ఊరుకోండి. ఆమె మాట్లాడుతుంది. మధ్యలో ఆపకండి.

ఆ జవాబును చాలా జాగ్రత్తగా వినాలి. కొందరు ‘చేతులు మంచానికి కట్టేసిండ్రు’ అంటారు. ట్యూబ్ పీక్కోకుండా ఐసియులో అలా కడతారు. కొందరు ‘దినానికి ఒక్కసారే చూడనిచ్చిండ్రు, పక్కన కూసోనియ్యలే’ అంటారు. కొందరికి ఊరికి దూరంగా, అంబులెన్సులో ప్రాణం పోవడమే మనసులో ముల్లులా ఉండిపోతుంది. ఇంకొందరు ‘పొలం పోయింది’ అంటారు. ఒక్కో జవాబు ఒక్కో నిర్ణయం వైపు వెళుతుంది. అమ్మ నోట పొలం మాట ముందు వస్తే అక్కడ ఆగండి. మన పల్లెల్లో ఆడవాళ్లు పిల్లలకు బరువు కాకూడదని వైద్యం వద్దంటారు, నొప్పి ఉన్నా లేదంటారు. అది వెంటిలేటర్ గురించిన నిర్ణయం కాదు, ఖర్చు గురించిన భయం. రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో ఏడాదికి కుటుంబానికి 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచారని, మిగిలిన పొలం జోలికి ఎవరూ పోరని ఆమెకు నమ్మకంగా చెప్పండి. చెప్పాక మళ్లీ అడగండి. అప్పుడు కూడా వద్దంటే అది ఆమె నిజమైన కోరిక.

ఇక వైద్యం సంగతి. ‘మిషన్లు వద్దు’ అని ఒక్క ముక్కలో రాసేస్తే అమ్మకే నష్టం జరగవచ్చు. ఈ ఒక్క విషయం ఆమెను చూసే డాక్టర్‌తో తీరిగ్గా మాట్లాడాలి. సీఓపీడీ ఉన్నవాళ్లకు చలికాలంలో జలుబు, కఫం, ఇన్‌ఫెక్షన్ వచ్చి ఊపిరి ఒక్కసారిగా ఆగిపోయేంత పని అవుతుంది. ఆ ఇన్‌ఫెక్షన్ తగ్గితే మళ్లీ ఇంటికి వచ్చేవాళ్లు ఉన్నారు. అప్పుడు ముందుగా వాడేది బైపాప్. ముక్కుకూ నోటికీ గట్టిగా మాస్కు కట్టి గాలి లోపలికి పంపుతారు. గొంతులోకి ట్యూబ్ ఉండదు, మత్తు ఇచ్చి పడుకోబెట్టనక్కర్లేదు, మాస్కు కాసేపు తీసి నాలుగు మాటలు మాట్లాడవచ్చు, నీళ్లు తాగవచ్చు. చాలామంది పెద్దవాళ్లు వెంటిలేటర్ వద్దన్నా బైపాప్‌కు ఒప్పుకుంటారు. మాస్కుతో ముఖం నొప్పి పుడుతుందని, కొందరికి ఊపిరాడనట్టు భయంగా ఉంటుందని కూడా ముందే చెప్పండి.

వెంటిలేటర్ విషయంలో ‘కావాలి’, ‘వద్దు’ అనే రెండే దారులు లేవు. ‘నయమయ్యే ఇన్‌ఫెక్షన్ అని డాక్టర్ అంటే కొన్ని రోజులు పెట్టి చూడండి, ఆ లోపు మెరుగు లేకపోతే తీసేయండి’ అని కూడా కోరవచ్చు. ఎన్ని రోజులన్నది డాక్టర్‌తో ముందే అనుకోవాలి. అలా అనుకోకపోతే ఏమవుతుందో నాన్న విషయంలో చూశారు కదా. వారం పది రోజులు గడిచాక గొంతుకు రంధ్రం చేసి ట్యూబ్ పెడదామంటారు. అది ట్రకియాస్టమీ. ఆ తర్వాత ముక్కులోంచి తిండి పైపు. ప్రతి మెట్టు దగ్గరా ఒక సంతకం అడుగుతారు కానీ మొత్తం దారి ఎటు పోతుందో ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు.

గుండె ఆగినప్పుడు ఛాతీ మీద గట్టిగా నొక్కే సీపీఆర్ గురించి కూడా విడిగా అడగండి. సినిమాల్లో చూపించినట్టు నొక్కగానే లేచి కూర్చోరు. పెద్ద వయసులో, ఎముకలు గుల్లబారిన మనిషికి పక్కటెముకలు విరుగుతాయి. పాత జబ్బు ముదిరిన వాళ్లలో గుండె తిరిగి కొట్టుకున్నా వాళ్లు చాలావరకు వెంటిలేటర్ మీదికే వెళతారు. రోగి లేదా కుటుంబంతో మాట్లాడి, సీపీఆర్ చేయవద్దని డాక్టర్ కేస్ షీట్‌లో రాసే పద్ధతికి భారత వైద్య పరిశోధన మండలి 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది. సీపీఆర్ వద్దని రాసినంత మాత్రాన యాంటీబయాటిక్, ఆక్సిజన్, నొప్పి మందు ఏవీ ఆగవు. ఈ సంగతి అన్నకు అక్కకు విడమరిచి చెప్పాలి. ‘వదిలేశారు’ అనే మాట ఈ అపోహలోంచే పుడుతుంది.

నా మనసుకు దగ్గరైన విషయం ఇప్పుడు చెబుతాను. వెంటిలేటర్ వద్దన్న మనిషికి ఆయాసంతో గిలగిలలాడుతూ పోయే గతి పట్టకూడదు, పట్టనక్కర్లేదు కూడా. ఊపిరాడని బాధకు మందు ఉంది. చివరి దశలో చిన్న మోతాదులో ఇచ్చే మార్ఫిన్ (నల్లమందు నుంచి తీసే మందు) ఆయాసం తాలూకు ఆందోళనను బాగా తగ్గిస్తుంది. సరైన మోతాదులో ఇస్తే అది ప్రాణం తీయదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద అనుమతులు తెచ్చుకోలేక చాలా దవాఖానలు అసలు మార్ఫిన్ ఉంచేవే కాదు. 2014లో ఆ చట్టాన్ని సవరించాక కొంత తేలికైంది. మందుతో పాటు, వీపు వెనక దిండ్లు పెట్టి కూర్చోబెట్టడం, ముఖానికి ఫ్యాన్ గాలి తగిలేలా చూడటం, పెదాలు తడపడం, గదిలో నలుగురైదుగురు గుమికూడకుండా ఒకరు చెయ్యి పట్టుకుని ఉండటం. ఇవి చిన్న పనుల్లా కనిపిస్తాయి, కానీ ఆ మనిషి ముఖంలో తేడా మీకే తెలుస్తుంది.

దీన్నే పాలియేటివ్ కేర్ అంటారు. ఇది క్యాన్సర్ వాళ్లకే అని చాలామంది అనుకుంటారు. ఊపిరితిత్తులు, గుండె, కిడ్నీలు ముదిరిన వాళ్లకు, పక్షవాతంతో మంచాన పడ్డవాళ్లకు కూడా ఇదే అవసరం. తెలంగాణలో జిల్లా ప్రభుత్వ దవాఖానల్లో ఇందుకోసం వార్డులు పెట్టారు, ‘ఆలన’ పేరుతో ఇంటికే వచ్చే బండ్లు ఉన్నాయి. నల్లగొండ పెద్ద దవాఖానకు వెళ్లి పాలియేటివ్ కేర్ ఎక్కడ చూస్తారో అడిగి అమ్మ పేరు ఇప్పుడే నమోదు చేయించండి. చివరి వారం దాకా ఆగకండి. ఆమె నడుస్తూ తిరుగుతున్నప్పుడే ఆ నర్సులు ఒకసారి ఇంటికి వస్తే, కష్టం వచ్చిన రోజు ఫోన్ చేయడానికి మీకు తెలిసిన మనిషి ఒకరు ఉంటారు.

ఇప్పుడు కాగితం. దశాబ్దాల పాటు స్పృహలేని స్థితిలో దవాఖానలోనే ఉండిపోయిన ముంబై నర్సు అరుణా శాన్‌బాగ్ కేసులో 2011లో సుప్రీంకోర్టు మొదటిసారి, కోలుకోలేని స్థితిలో ఉన్నవాళ్లకు ప్రాణాన్ని నిలిపే వైద్యం ఆపడానికి కొన్ని షరతులతో దారి తెరిచింది. 2018 మార్చి 9న అయిదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం, గౌరవంగా చనిపోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమేనని చెప్పి, ముందస్తు వైద్య నిర్దేశ పత్రానికి చట్టబద్ధత ఇచ్చింది. లివింగ్ విల్ అని పేపర్లలో రాసేది దీన్నే. కానీ మెజిస్ట్రేట్ సంతకం కావాలని షరతు పెట్టడంతో మామూలు మనుషులకు అది అందలేదు. 2023 జనవరి 24న సుప్రీంకోర్టే ఆ షరతు మార్చింది. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరిస్తే చాలు. సాక్షులు వీలైనంతవరకు బయటివాళ్లయి ఉండాలి, అంటే మీరో అక్కో కాకుండా వాడకట్టులో తెలిసిన టీచర్ లాంటివాళ్లు. నల్లగొండ కోర్టు దగ్గర నోటరీలు ఉంటారు. ఆమెను అంతదూరం తిప్పలేకపోతే తహసీల్దార్‌ను గానీ ప్రభుత్వ డాక్టర్‌ను గానీ అడగవచ్చు, వాళ్లు గెజిటెడ్ అధికారులే. స్టాంపు పేపరే కావాలని తీర్పులో లేదు. నోటరీ అలవాటు కొద్దీ అడిగితే ఆ కొద్దిపాటి ఖర్చు దగ్గర వాదన పెట్టుకోకండి.

కాగితంలో అమ్మ తన ఇష్టంతోనే, ఎవరి ఒత్తిడీ లేకుండా రాస్తున్నానని చెప్పాలి. ఎలాంటి పరిస్థితిలో ఏ వైద్యం వద్దో, ఏది కావాలో స్పష్టంగా ఉండాలి. తాను మాట్లాడలేని స్థితిలో ఉంటే ఎవరు నిర్ణయం చెప్పాలో పేరు ఉండాలి, ఒకరికంటే ఎక్కువ పేర్లు కూడా రాయవచ్చు. ఎప్పుడైనా దీన్ని రాతపూర్వకంగా రద్దు చేసుకోవచ్చని తనకు తెలుసని రాయాలి. అమ్మ వేలిముద్ర వేసేవారైతే, మొత్తం తెలుగులో చదివి వినిపించి, అర్థమైందని ఆమె చెప్పాకే వేయించాలి. చదివి వినిపించిన సంగతి కూడా అందులో రాయాలి. ఆమె తన మాటల్లో చెబుతుండగా ఫోన్‌లో వీడియో తీయండి. వీడియో కాగితానికి బదులు కాదు, కానీ దుబాయ్‌లో ఉన్న కొడుక్కు పది పేజీల కాగితం కంటే ఎక్కువ చెబుతుంది.

ఒక నకలు మీ దగ్గర, ఒకటి ఆమె పేర్కొన్న మనిషి దగ్గర, ఒకటి ఆమెను రెగ్యులర్‌గా చూసే డాక్టర్ దగ్గర ఉండాలి. ఇంకొకటి స్థానిక సంస్థకు ఇవ్వాలని తీర్పు చెబుతోంది, మీకైతే మున్సిపాలిటీ, ఊళ్లో ఉంటే పంచాయతీ. అక్కడి సిబ్బందికి ఈ కాగితం కొత్త కావచ్చు. ఇన్‌వార్డులో ఇచ్చి మీ నకలు మీద ముద్ర వేయించుకోండి.

దీన్ని వీలునామాలో కలపకండి. మన దగ్గర చాలామంది పొలం, ఇల్లు రాసే కాగితంలోనే ‘నాకు వెంటిలేటర్ వద్దు’ అని ఒక వాక్యం చేరుస్తారు. వీలునామా తెరిచేది మనిషి పోయాక. అప్పుడు ఆ వాక్యం ఎవరికీ పనికిరాదు. ఇంజెక్షన్ ఇచ్చి ప్రాణం తీయడం మన దేశంలో నేరం, దాన్ని ఈ కాగితంలో ఎవరూ కోరలేరు. నిష్ప్రయోజనమైన వైద్యాన్ని మొదలుపెట్టకుండా, లేదా ఆపి, సహజంగా పోనివ్వడం వరకే చట్టం ఒప్పుకుంది.

దవాఖానలో ఏం జరుగుతుందో కూడా తెలిసి ఉండాలి. అమ్మ తెలివిలో ఉండి మాట్లాడగలిగినంతకాలం ఈ కాగితం అవసరమే లేదు, ఆమె వద్దంటే అదే చివరి మాట. ఆమె చెప్పలేని స్థితిలో, జబ్బు నయమయ్యే ఆశ లేదన్నప్పుడు కాగితం పనిలోకి వస్తుంది. చికిత్స చేసే డాక్టర్, కనీసం అయిదేళ్ల అనుభవం ఉన్న ఇద్దరు నిపుణులు కలిసి మొదటి బోర్డుగా చూస్తారు. ఆ తర్వాత జిల్లా వైద్యాధికారి పంపిన డాక్టర్, వేరే ఇద్దరు నిపుణులు రెండో బోర్డుగా చూస్తారు. ఒక్కో బోర్డు వీలైనంతవరకు 48 గంటల్లో అభిప్రాయం చెప్పాలి. పేరు రాసిన మనిషి ఒప్పుకోవాలి, నిర్ణయాన్ని అమలు చేసే ముందు దవాఖాన మెజిస్ట్రేట్‌కు తెలియజేయాలి. బోర్డు కాదంటే హైకోర్టుకు వెళ్లే దారి ఉంది. కాగితం రాయనివాళ్లకు కూడా కుటుంబం ఒప్పుకోలుతో ఈ బోర్డుల పద్ధతే వర్తిస్తుంది, కాకపోతే అప్పుడు రోగి మనసులో ఏముందో అందరూ ఊహించాల్సి వస్తుంది.

చిన్న దవాఖానల్లో ఇంతమంది నిపుణులు ఉండరు. అందుకే అక్కడ బోర్డు మాట ఎత్తకుండా ‘సొంత పూచీ మీద తీసుకుపోతున్నాం’ అని కుటుంబంతో సంతకం పెట్టించుకుని పంపిస్తారు. అలా పంపేటప్పుడు నొప్పి మందు గానీ, ఆయాసం మందు గానీ చేతికి ఇవ్వరు. ఇంటికి వచ్చాక ఆ మనిషి పడే బాధ చూసి కుటుంబం మళ్లీ అంబులెన్స్ పిలుస్తుంది. ఇది చాలాసార్లు చూశాను, ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. కాబట్టి అమ్మను ఎక్కడ చేర్చాలనుకుంటున్నారో అక్కడ ముందే అడగండి: బోర్డు వేస్తారా, ఇంటికి పంపితే మందులు రాసి పంపుతారా అని.

ఎక్కడ పోవాలనుకుంటోందో కూడా అమ్మను అడగండి. దేవరకొండ దగ్గరి సొంత ఇంట్లోనే అంటే, ఆక్సిజన్ మిషన్ అక్కడ నడవడానికి కరెంటు ఎలా, కరెంటు పోతే సిలిండర్ ఎక్కడిది, రాత్రి ఎవరు ఉంటారు అన్నవి ముందే చూసుకోవాలి. నల్లగొండలో మీది అద్దె ఇల్లయితే ఓనర్‌తో కూడా మాట్లాడాలి. చెప్పడానికి బాధగా ఉన్నా, అద్దె ఇంట్లోకి శవాన్ని రానివ్వని ఓనర్లు మన దగ్గర ఉన్నారు. ఇంట్లోనే ఉంచాలని నిర్ణయించుకుంటే, కంగారులో 108కి ఫోన్ చేస్తే వాళ్లు చేయగలిగిందంతా చేసి దవాఖానకే తీసుకెళతారని ఇంట్లో అందరికీ తెలియాలి. ఆ సమయంలో ముందు ఫోన్ చేయాల్సింది పాలియేటివ్ నర్సుకో, తెలిసిన డాక్టర్‌కో. ఆ నంబర్ గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. ఇంట్లో చనిపోతే చూసిన డాక్టర్ దగ్గర మరణ కారణం రాయించుకుని, 21 రోజుల్లో పంచాయతీలో లేదా మున్సిపాలిటీలో నమోదు చేయించాలి. కళ్లు ఇవ్వాలని ఆమెకు ఉంటే అది కూడా అడగండి. వయసు అడ్డు కాదు, ఆరు గంటల లోపు తీయాలి, కాబట్టి నేత్రనిధి నంబర్ కూడా ఆ గోడ మీదే ఉండాలి.

చివరగా మీ అన్న. కాగితం తయారయ్యాక పంపకండి. తయారు కాకముందే వీడియో కాల్‌లో కూర్చోబెట్టండి, సెలవుకు వచ్చే వీలుంటే ఆ రోజుల్లోనే మాట్లాడండి. మీరు వాదించకండి, అమ్మనే చెప్పనివ్వండి. అతను కోపం తెచ్చుకోవచ్చు, ఏడవచ్చు, ‘పైసలు నేను పంపుతా, ఎంతైనా సరే’ అనవచ్చు. ఆ మాటకు జవాబు కూడా అమ్మ నోటి నుంచే రావాలి. ముగ్గురి పేర్లూ సమానంగా రాస్తే అన్నకు బాధ ఉండదని మీకు అనిపించవచ్చు. నేనైతే అలా రాయించను. ఇద్దరు ఒకటన్నప్పుడు మూడోవారు కాదంటే డాక్టర్ ఆగిపోతాడు. దగ్గర ఉండి రోజూ చూసే ఒకరి పేరు ముందు, ఆ మనిషి అందుబాటులో లేకపోతే ఇంకొకరి పేరు. ఎవరన్నది అమ్మ ఎంచుకోవాలి. అది మీరు కాకుండా అక్క అయినా సరే, ఒప్పుకోండి.

ఈసారి చెకప్‌కు వెళ్లినప్పుడు డాక్టర్‌ను రెండు సంగతులు అడగండి. ఇంకో ఏడాదికి అమ్మ జబ్బు ఎట్లా ఉండవచ్చు, ట్యూబ్ వేసే పరిస్థితి వస్తే ఆమె దాని నుంచి బయటపడే అవకాశం ఎంత. జవాబులు అమ్మ కూడా వినేలా ఆమె ఎదురుగానే అడగండి. అవి విన్నాక ఆమె మనసు ఏమంటే అది రాయించండి. తర్వాత ఎప్పుడు దవాఖానలో చేరి వచ్చినా ఆ కాగితం మళ్లీ చదివి వినిపించి, మార్పు ఉంటే కొత్తది రాయించి పాత నకళ్లు వెనక్కి తీసుకోండి. రెండు ఉంటే ఆఖరున సంతకం చేసినదే చెల్లుతుంది.